అడ్వాన్సు తీసుకుని రిజిస్ట్రేషన్ చేయట్లేదు: ఇది 420 కేసా, సివిల్ దావానా?

సూర్యాపేట_పీఎల్‌వీ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను పారాలీగల్ వాలంటీరుని, అర్జీలు రాసిపెడుతుంటాను. "మోసం చేశాడు, 420 పెట్టించండి" అని వచ్చేవాళ్లు ఎక్కువైపోయారు. స్టేషన్‌కు పంపితే "సివిల్ నేచర్" అని రాసి వెనక్కి పంపుతున్నారు. అలా పంపడం కొన్నిటికి సరే అనిపిస్తోంది, కొన్నిటికి అన్యాయం అనిపిస్తోంది. పేర్లు, ఊళ్లు తీసేసి నాలుగు రకాలు కింద పెడుతున్నాను.

(అ) 200 గజాల ప్లాటు, ధర 24 లక్షలు. 8 లక్షలు అడ్వాన్సు, నోటరీ అగ్రిమెంటు, 3 నెలల్లో రిజిస్ట్రేషన్ అన్నారు. ఈలోగా రేటు పెరిగింది. ఇప్పుడు "ఇంకో 5 లక్షలు ఇస్తేనే సంతకం" అంటున్నాడు.

(ఆ) ఇదీ ప్లాటే, 8 లక్షల అడ్వాన్సే. కానీ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీస్తే, మనవాడితో అగ్రిమెంటుకు 7 నెలల ముందే వేరొకరికి రిజిస్టర్డ్ సేల్ డీడ్ చేసేసినట్టు బయటపడింది.

(ఇ) చేబదులు 6 లక్షలు, ప్రామిసరీ నోటు, దానికి తోడు ఒక చెక్కు. కూతురి పెళ్లికి అని తీసుకున్నాడు. ఏడాదిన్నర దాటింది, చెక్కు బౌన్స్ అయింది.

(ఈ) ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం ఇప్పిస్తానని 4 లక్షలు తీసుకున్నాడు. ఉద్యోగం లేదు, డబ్బూ లేదు.

అబద్ధం చెప్పి డబ్బు తీసుకుంటే నేరమే కదా? మరి గీత ఎక్కడ ఉంది? ఫిర్యాదులో ఏం రాస్తే నిలబడుతుంది?

---

అడ్వకేట్_రంగారెడ్డి

పీఎల్‌వీ గారూ, గీత ఒకటే: డబ్బు చేతులు మారిన ఆ క్షణం. తీసుకునేటప్పుడే అతని మనసులో ఇచ్చే ఉద్దేశం లేకపోతే నేరం. తీసుకునేటప్పుడు ఉద్దేశం ఉండి, తర్వాత బుద్ధి మారినా, చేతకాకపోయినా అది ఒప్పంద ఉల్లంఘన, సివిల్ కోర్టు పని. హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో (2000) సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. 2023లో సరబ్‌జిత్ కౌర్ కేసులోనూ ఇదే మాట. అది కూడా స్థలం అమ్మకం అగ్రిమెంటు మీద వచ్చిన కేసే.

ముందు సెక్షన్లు సరిచేసుకుందాం. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు ఐపీసీ 420 లేదు, భారతీయ న్యాయ సంహిత 318 ఉంది. 318(1) నిర్వచనం. 318(2) మామూలు మోసం, 3 ఏళ్ల దాకా శిక్ష, పోలీసులు సొంతంగా కేసు కట్టలేరు. 318(4) మోసగించి ఆస్తి ఇప్పించుకోవడం, అంటే పాత 420. 7 ఏళ్ల దాకా శిక్ష, జరిమానా, కాగ్నిజబుల్ (పోలీసులే కేసు కట్టొచ్చు), నాన్ బెయిలబుల్. డబ్బు ఇచ్చింది 2024 జులై 1కి ముందైతే ఇప్పుడు ఫిర్యాదు ఇచ్చినా సెక్షన్ 420 అనే రాయాలి, ఎఫ్‌ఐఆర్, దర్యాప్తు మాత్రం కొత్త నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీకి బదులు వచ్చింది) ప్రకారం నడుస్తాయి. తేదీ చూడకుండా సెక్షన్ రాసిన అర్జీలు చాలా కనపడతాయి.

318(4) నిలబడాలంటే వరుసగా ఇవన్నీ ఉండాలి. అతను చెప్పిన మాట అబద్ధం అయ్యుండాలి, లేదా చెప్పాల్సిన సంగతిని కావాలని దాచి ఉండాలి (దాచడం కూడా మోసగించడమే అని సెక్షన్ వివరణలోనే ఉంది). అది అబద్ధమని అతనికి అప్పటికే తెలిసి ఉండాలి. ఆ మాట నమ్మే మనవాడు డబ్బు ఇచ్చి ఉండాలి. అతను అక్రమంగా లాభపడాలనో, మనవాడికి అక్రమ నష్టం కలిగించాలనో చేసి ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా కేసు పడిపోతుంది. "ఇంకో ముగ్గురు కొనడానికి క్యూలో ఉన్నారు" అని అమ్మేవాడు కోతలు కోస్తే అది అబద్ధమే, కానీ దాన్ని నమ్మే డబ్బు ఇచ్చారని చెప్పడం కష్టం.

చట్టంలోని ఉదాహరణలు చదవండి. 1860 నుంచీ ఉన్నవే, కొత్త చట్టంలోకీ వచ్చాయి. నీలిమందు మొక్క సరఫరా చేస్తానని డబ్బు తీసుకున్నవాడి ఉదాహరణ ఒకటుంది. తీసుకునేటప్పుడే ఇచ్చే ఉద్దేశం లేకపోతే మోసం. అప్పుడు ఉద్దేశం ఉండి తర్వాత మాట తప్పితే మోసం కాదు, సివిల్ బాధ్యత మాత్రమే. మీ (అ)కి జవాబు అందులోనే ఉంది. ఒకరికి అమ్మేసిన భూమిని ఆ సంగతి దాచి ఇంకొకరికి అమ్మి డబ్బు తీసుకోవడం మరో ఉదాహరణ. మీ (ఆ) అచ్చంగా అదే.

(అ)లో అమ్మేవాడికి ప్లాటు ఉంది, హక్కు ఉంది, రేటు పెరిగాక ఆశ పుట్టింది. తప్పే, నేరం కాదు. అగ్రిమెంటు ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమని దావా వేయాలి. అగ్రిమెంటులో గడువు తేదీ ఉంటే ఆ తేదీ నుంచి 3 ఏళ్లు, లేకపోతే అతను నిరాకరించినట్టు తెలిసిన రోజు నుంచి 3 ఏళ్లు. మిగతా 16 లక్షలతో తాను సిద్ధంగా ఉన్నానని కొనేవాడు మొదటి నుంచి చివరి దాకా చూపించాలి. బ్యాంకు నిల్వో, లోన్ శాంక్షన్ లెటరో ఉండాలి. ప్లెయింటులో (దావా పత్రంలో) "ప్రత్యామ్నాయంగా అడ్వాన్సు వడ్డీతో వాపసు" అని విడిగా కోరాలి. కోరకపోతే కోర్టు ఇవ్వదు. స్టేషన్ల చుట్టూ తిరిగి ఈ 3 ఏళ్లు పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. (అ) రకం వాళ్లకు మీరు మొదటి రోజే ఈ గడువు చెప్పండి.

(ఇ) గురించి: అప్పు తీర్చలేకపోవడం మోసం కాదు. సతీశ్‌చంద్ర రతన్‌లాల్ షా కేసులో (2019) సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. పెళ్లి జరిగి, తర్వాత తీర్చలేదంటే అది అప్పే. అసలు అతనికి కూతురే లేదంటే కథ మారుతుంది, అప్పుడు అది తీసుకునేటప్పటి అబద్ధం. కూతురు ఉంది, పెళ్లి జరగలేదు, డబ్బు వేరేదానికి వాడుకున్నాడంటే బలహీనమైన కేసు, నేనైతే దాని మీద ఆధారపడను. డిమాండ్ ప్రామిసరీ నోటైతే నోటు తేదీ నుంచి 3 ఏళ్ల లోపు దావా పడాలి. చెక్కుకు వేరే లెక్క ఉంది.

---

రిటైర్డ్_సీఐ

అడ్వకేట్ గారు చట్టం చెప్పారు. నేను కాగితం మీద అది ఎలా కనపడాలో చెప్తాను, ఎందుకంటే (ఆ) లాంటి గట్టి కేసులు కూడా అర్జీ రాత వల్లే వెనక్కి వస్తాయి.

అర్జీలు ఇలా ఉంటాయి: "సదరు నిందితుడు మొదటి నుంచీ దురుద్దేశంతో, మోసపూరిత ఆలోచనతో నన్ను నమ్మబలికి నా కష్టార్జితమైన 8 లక్షలు కాజేసి, అడిగితే బెదిరిస్తూ నన్ను మానసిక క్షోభకు గురిచేస్తున్నాడు." ఇందులో దర్యాప్తు అధికారి పట్టుకోవడానికి ఒక్క వాస్తవం లేదు. విశేషణాలతో కేసు కట్టరు. కట్టినా హైకోర్టులో క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమనే పిటిషన్) వేసిన రోజు అది నిలబడదు.

అదే (ఆ)ను ఇలా రాయండి (తేదీలు, నెంబర్లు ఊహించి రాస్తున్నాను):

"2025 మార్చి 3న సాయంత్రం తన ఇంట్లో, నా బావమరిది ఎదుట, 'ప్లాటు నెంబరు 41 నా పేరు మీదే ఉంది, ఎవరికీ అమ్మలేదు, తాకట్టు లేదు' అని చెప్పాడు. ఇదే మాట అగ్రిమెంటు 4వ పేరాలో ఉంది. అది నమ్మి మార్చి 5న నా ఖాతా నుంచి అతని ఖాతాకు 8 లక్షలు ఆర్‌టీజీఎస్ చేశాను. జూన్ 20న ఈసీ తీస్తే, అదే ప్లాటును అతను 2024 ఆగస్టు 9నే వేరొకరికి రిజిస్టర్ చేసినట్టు తెలిసింది. డాక్యుమెంటు నెంబరు ఈసీలో ఉంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే నేను డబ్బు ఇచ్చేవాడిని కాదు."

ఏ మాట, ఎప్పుడు, ఎవరి ముందు. ఎంత, ఏ ఖాతా నుంచి. ఆ మాట అబద్ధమని చూపే కాగితం. ఆ కాగితం మీద అతని సంతకమే ఉంది కాబట్టి అప్పటికే అతనికి తెలుసు. చివరి వాక్యం అందరూ మర్చిపోతారు. ఆ మాట వల్లే డబ్బు ఇచ్చారన్న సంబంధం అక్కడే కుదురుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. డబ్బు ఇచ్చే ముందే మీవాడు ఈసీ తీసుకుని ఉంటే? అవతలి లాయరు మొదట అడిగేది అదే. పాత అమ్మకం ఈసీలో చూసి కూడా డబ్బు ఇచ్చి ఉంటే "నమ్మాను" అనడానికి లేదు, కేసు అక్కడితో సరి. ఈసీ తీయకుండా ఇచ్చి ఉంటే అది అజాగ్రత్త, కానీ అవతలివాడి అబద్ధాన్ని అది చెరపదు. మీరు అడిగి తెలుసుకుని, ఈసీ ఏ తేదీన తీశారో ఉన్నదున్నట్టు రాయండి.

ఉద్దేశాన్ని ఎవరూ కళ్లతో చూడలేరు కాబట్టి, డబ్బు తీసుకునే నాటికే ఉన్న పరిస్థితులు వెతకాలి. అప్పటికే అమ్మేసి ఉండటం, అదే ప్లాటు మీద అదే నెలలో నలుగురి దగ్గర అడ్వాన్సులు తీసుకోవడం, దొంగ లింకు డాక్యుమెంట్లు, తప్పుడు పేరు, అప్పటికే మూసేసిన ఖాతా మీద చెక్కు ఇవ్వడం. ఇదే పద్ధతిలో మోసపోయినవాళ్లు ఇంకా ఉంటే వాళ్ల వివరాలు కూడా ఇవ్వండి. పొరపాటున జరిగింది కాదని చూపడానికి సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ యాక్టుకు బదులు వచ్చిన చట్టం) 12, 13 సెక్షన్లు పనికొస్తాయి. తర్వాత ఫోన్ ఎత్తకపోవడం, ఇల్లు మారడం లాంటివి తోడుగా పనికొస్తాయి, వాటి మీదే కేసు నిలబడదు.

వాట్సాప్ మెసేజీలకు స్క్రీన్‌షాట్ ప్రింటు చాలదు. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు. కోర్టులో పెట్టేటప్పుడు సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్ కావాలి. పాత 65బీకి బదులుగా వచ్చింది. రెండు భాగాలు, ఒకటి ఫోన్ వాడినవాళ్లు, రెండోది నిపుణుడు సంతకం పెట్టాలి, హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాయాలి.

---

ఖమ్మం_కుర్రాడు

(ఆ)కి 318తో పాటు నమ్మకద్రోహం 316, ఫోర్జరీ సెక్షన్లు కూడా కలపొచ్చుగా అన్నా? ఎన్ని సెక్షన్లు ఉంటే బెయిల్ అంత కష్టం కదా.

---

విజయవాడ_సివిల్_లాయర్

వద్దు తమ్ముడూ. అలా కలిపితే కేసు బలపడదు, సడలుతుంది.

ఫోర్జరీ సంగతి చూడండి. మహమ్మద్ ఇబ్రహీం కేసు (2009) సరిగ్గా దీని మీదే. తనది కాని భూమిని తనదే అని చెప్పి, తన పేరుతోనే తానే సంతకం పెట్టి ఇచ్చిన డాక్యుమెంటు "తప్పుడు పత్రం" కాదని సుప్రీంకోర్టు తేల్చింది. అందులో ఉన్నది అబద్ధం కావచ్చు, పత్రం మాత్రం దొంగది కాదు. వేరొకరిలా నటించి సంతకం పెడితేనో, ఉన్న పత్రాన్ని దిద్దితేనో ఫోర్జరీ. (ఆ)లో అతను తన పేరుతోనే సంతకం పెట్టాడు, కాబట్టి 336, 338, 340 రాయొద్దు.

అదే తీర్పులో ఇంకో మాట ఉంది, చాలామందికి తెలియదు. అలాంటి అమ్మకంలో మోసపోయినవాడు డబ్బిచ్చి కొన్నవాడు. భూమి అసలు సొంతదారుకు అమ్మినవాడు ఏ అబద్ధమూ చెప్పలేదు, అతని దగ్గర ఏమీ తీసుకోలేదు. కాబట్టి అసలు సొంతదారు 420 ఫిర్యాదు ఇస్తే నిలవదు. అతనికి సివిల్ కోర్టులో హక్కు ప్రకటన దారి ఉంది. (ఆ)లో మీ దగ్గరకు వచ్చింది రెండోసారి అడ్వాన్సు ఇచ్చినవాడు, కాబట్టి ఫిర్యాదుదారు సరైన మనిషే. రేపు, ముందే రిజిస్టర్ చేయించుకున్న మొదటి కొనుగోలుదారు వచ్చి 420 కావాలంటే మాత్రం జవాబు వేరు.

నమ్మకద్రోహం సంగతికొస్తే, 2024 ఆగస్టులో ఢిల్లీ రేస్ క్లబ్ తీర్పులో సుప్రీంకోర్టు ఇదే ధోరణిని తప్పుపట్టింది. మోసంలో మొదటి నుంచే దురుద్దేశం ఉంటుంది. నమ్మకద్రోహంలో వస్తువు సక్రమంగా, నమ్మి అప్పగించబడుతుంది, తర్వాత దాన్ని కాజేస్తారు. ఒకే సంఘటనలో రెండూ కలిసి ఉండలేవు. కంసాలికి గొలుసు చేయమని ఇచ్చిన బంగారం అప్పగింత, అది ఇంకా మీదే. అమ్మకం అడ్వాన్సుగా ఇచ్చిన డబ్బు అప్పగింత కాదు, ఇచ్చాక అది అమ్మేవాడిది. కాబట్టి ప్లాటు అడ్వాన్సులకు 316 రాయడం మొదటి చూపులోనే తప్పు.

ఇక బెయిల్ గురించి. 7 ఏళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు ఆటోమేటిక్ కాదు. ఆర్నేష్ కుమార్ తీర్పు (2014), ఇప్పుడు సురక్షా సంహిత 35(3) నోటీసు. 7 ఏళ్ల దాకా శిక్ష ఉన్న 318(4)కీ ఇదే వర్తిస్తుంది. "లోపలేస్తే డబ్బు కక్కుతాడు" అనే ఆశతో కేసు పెట్టడం తప్పు. క్రిమినల్ కోర్టు వసూళ్ల ఏజెంటు కాదని రమేశ్ కుమార్ కేసులో (2023) సుప్రీంకోర్టు ముందస్తు బెయిల్ సందర్భంలోనే చెప్పింది. డబ్బు రావాలంటే సివిల్ దావా సమాంతరంగా వేసుకోవాలి. రెండూ ఒకేసారి నడవడానికి అడ్డు లేదు, ఇండియన్ ఆయిల్ - ఎన్‌ఈపీసీ తీర్పు (2006) చూడండి. సివిల్ పరిహారం ఉంది కాబట్టి క్రిమినల్ కేసు కుదరదని స్టేషన్‌లో అంటే, ఆ మాట అన్ని కేసులకూ సరికాదు.

---

సూర్యాపేట_పీఎల్‌వీ

చాలా ధన్యవాదాలు. ఇంకో రెండు అడుగుతాను. ఒకటి: (ఆ)లోనే, ముందు జరిగింది రిజిస్టర్డ్ అమ్మకం కాకుండా వేరొకరితో నోటరీ అగ్రిమెంటు మాత్రమే అయితే? లేదా బ్యాంకులో తాకట్టు ఉంటే? రెండు: ఇంత చక్కగా రాసినా స్టేషన్‌లో తీసుకోకపోతే?

---

అడ్వకేట్_రంగారెడ్డి

ముందు అగ్రిమెంటు మాత్రమే ఉంటే అమ్మేవాడు ఇంకా యజమానే, అమ్మకం అగ్రిమెంటు హక్కును బదిలీ చేయదు. "నేను యజమానిని" అన్న మాట అబద్ధం కాదు. కానీ "ఎవరితోనూ ఒప్పందం లేదు" అని అగ్రిమెంటులో రాసి ఉంటే అది అబద్ధం, రాయకుండా దాచి ఉంటే దాచడం కింద రావచ్చు. మొదటి అగ్రిమెంటు తేదీ, అప్పటికి అతను అందుకున్న డబ్బు చూపించగలిగితే కేసు ఉంటుంది. చిక్కేంటంటే నోటరీ అగ్రిమెంటు ఈసీలో కనపడదు. మొదటి అగ్రిమెంటుదారు ముందుకొచ్చి కాపీ ఇస్తేనే ఆధారం దొరుకుతుంది. అందుకే అతనితో గొడవ పడొద్దని మీవాడికి చెప్పండి, అతను శత్రువు కాదు, సాక్షి.

బ్యాంకు తాకట్టు కూడా దాచితే మోసమే. డాక్యుమెంట్లు డిపాజిట్ చేసి తెచ్చుకున్న అప్పుకు మెమోరాండం రిజిస్టర్ చేయకపోతే ఈసీలో రాదు. సెర్సాయ్ పోర్టల్‌లో ఆస్తి వివరాలతో వెతకండి, బ్యాంకులు తాకట్లను అక్కడ నమోదు చేయాలి. అయితే "లోన్ ఉంది, నీ అడ్వాన్సుతో తీర్చి కాగితాలు తెస్తా" అని అమ్మేవాడు ముందే చెప్పి ఉంటే దాపరికమే లేదు. తీర్చకపోవడం మళ్లీ మాట తప్పడమే అవుతుంది.

---

రిటైర్డ్_సీఐ

రెండోదానికి నేను చెప్తాను. ముందు స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఏ స్టేషనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి, పరిధి కాదని పంపకూడదు, సురక్షా సంహిత 173(1)లో ఉంది. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి.

కొందరు అధికారులు 173(3) చూపించి "14 రోజులు ప్రాథమిక విచారణ చేస్తాం" అంటారు. ఆ నిబంధన 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకు, దానికి డీఎస్పీ అనుమతి కావాలి. 318(4)కు శిక్ష 7 ఏళ్ల దాకా ఉంది, అది "7 ఏళ్ల లోపు" కాదు. కాబట్టి 14 రోజుల విచారణ దీనికి వర్తించదు. కాకపోతే లలితా కుమారి తీర్పు (2013) వాణిజ్య లావాదేవీల్లో, 3 నెలలకు మించి ఆలస్యమైన ఫిర్యాదుల్లో ప్రాథమిక విచారణకు ఒప్పుకుంది. విచారణ చేసి మూసేస్తే కారణాలతో కాపీ వారం లోపు ఫిర్యాదుదారుకు ఇవ్వాలి. ఆ కాపీ అడిగి తీసుకోండి, "సివిల్ నేచర్" అని నోటితో చెప్పి పంపేస్తే ఊరుకోవద్దు. ఆలస్యం ఎందుకయిందో కూడా అర్జీలోనే ఒక వాక్యంలో రాయండి.

తీసుకోకపోతే 173(4) కింద ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి, కమిషనరేట్లలో అయితే డీసీపీకి. అక్నాలెడ్జ్‌మెంటు దాచండి. ఆ మెట్టు ఎక్కకుండా నేరుగా మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్తే పిటిషన్ తిరిగొస్తుంది. తర్వాత 175(3) కింద మేజిస్ట్రేటుకు, అఫిడవిట్ జతచేసి. అఫిడవిట్ లేని పిటిషన్లు నడవవు, ప్రియాంకా శ్రీవాస్తవ తీర్పు (2015) నుంచీ అది తప్పనిసరి, ఇప్పుడు చట్టంలోకే వచ్చింది.

కేసు కట్టాక దర్యాప్తు అధికారిని ఒకటి అడగండి. నేరం సొమ్ముతో కొన్న ఆస్తి కనపడితే ఎస్పీ అనుమతితో 107 కింద జప్తుకు కోర్టులో దరఖాస్తు చేయొచ్చు. బాధితులు ఎక్కువమంది ఉన్న కేసుల్లో ఇది చాలా ఉపయోగం.

స్టేషన్‌లో పంచాయితీ పెట్టి "ఇంతతో సెటిల్" అని కొత్త ప్రామిసరీ నోటు రాయించి, "ఇక ఏ ఫిర్యాదు లేదు" అని సంతకం తీసుకుంటారు. అలా సంతకం పెడితే మోసం కేసు కాస్తా కొత్త అప్పు కేసుగా మారిపోతుంది. రాజీ కావాలంటే కేసు కట్టాక కోర్టు అనుమతితో లోక్ అదాలత్‌లో చేసుకోవచ్చు, 318(4) కోర్టు అనుమతితో రాజీపడదగ్గ నేరమే. కొంత డబ్బు తిరిగిచ్చినా నేరం పోదు, కానీ "మొదటి నుంచీ ఇచ్చే ఉద్దేశం ఉంది" అనడానికి దాన్నే వాడుకుంటారు. తిరిగి వచ్చిన డబ్బును ఏ కారణంగా తీసుకున్నారో మెసేజీలో రాసి పెట్టుకోండి.

---

విజయవాడ_సివిల్_లాయర్

(ఈ) ఎవరూ ముట్టుకోలేదు. ఇది జాగ్రత్తగా పట్టుకోవాల్సిన కేసు. లేని ఉద్యోగం, లేని పలుకుబడి ఉన్నట్టు చెప్పి డబ్బు తీసుకోవడం తీసుకునేటప్పటి అబద్ధమే. దొంగ అపాయింట్‌మెంటు ఆర్డరు కూడా ఇచ్చి ఉంటే అక్కడ ఫోర్జరీ సెక్షన్లు నిజంగానే వస్తాయి. కానీ ఆ 4 లక్షలు దేనికి ఇచ్చారన్నది మీ అర్జీయే చెబుతుంది. "అధికారికి ఇచ్చి పని చేయిస్తానన్నాడు" అని రాస్తే, 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షన్ ప్రకారం లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే. బలవంతం మీద ఇస్తే 7 రోజుల్లో చెప్పుకోవాలి, ఆ గడువు ఇలాంటివాళ్లకు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. "ఏజెన్సీ రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్ అని తీసుకున్నాడు" అన్నది నిజంగా జరిగి ఉంటే అది వేరే సంగతి. లేనిది మీరు అల్లొద్దు. ఈ ఒక్క రకం అర్జీ మాత్రం మీరు రాయకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయరు దగ్గరకు పంపండి. సివిల్‌లో కూడా ఇది కష్టమే, చట్టవిరుద్ధమైన పని కోసం ఇచ్చిన డబ్బు తిరిగి ఇప్పించడానికి కోర్టు మామూలుగా ముందుకు రాదు.

---

నిజాంపేట_ఫ్లాట్

ఇక్కడే అడుగుతున్నాను, ప్రీలాంచ్‌లో (అనుమతులు రాకముందే అమ్మే పద్ధతిలో) ఫ్లాటుకు మొత్తం కట్టించుకుని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషనే లేదంటే అది 318 కాదా?

---

అడ్వకేట్_రంగారెడ్డి

రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మడం రెరా చట్టం 3వ సెక్షన్ ఉల్లంఘన, ప్రాజెక్టు ఖర్చులో 10 శాతం దాకా జరిమానా ఉంటుంది. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి తీసుకోవడం 13వ సెక్షన్ ఉల్లంఘన. కానీ ఉల్లంఘన దానంతటదే మోసం కాదు. "పర్మిషన్ వస్తుంది, వచ్చాక కడతాం" అంటే అది రేపటి మాట. "పర్మిషన్ వచ్చింది, ఇదిగో నెంబరు" అని లేని నెంబరు బ్రోచర్‌లో వేస్తే అది ఇవాళ్టి అబద్ధం, అక్కడ 318(4) ఉంది. తనది కాని భూమి మీద, కనీసం డెవలప్‌మెంట్ అగ్రిమెంటు కూడా లేకుండా డబ్బు వసూలు చేసినా అంతే. బ్రోచర్, రసీదులు, ఆ రోజు వాళ్ల వెబ్‌సైటులో ఉన్న పేజీ దాచండి. డబ్బు వాపసుకు 18వ సెక్షన్ కింద రెరాలో వేసుకోండి, క్రిమినల్ ఫిర్యాదు పేరుతో దాన్ని ఆపొద్దు.

---

సూర్యాపేట_పీఎల్‌వీ

(ఇ)లో చెక్కు సంగతి కూడా చెప్పండి. రిటర్న్ మెమో (చెక్కు వెనక్కి వచ్చిందని బ్యాంకు ఇచ్చే చీటీ) జూన్ 12న చేతికొచ్చిందట. ఇంకా నోటీసు పంపలేదు. ఇవాళ జూన్ 27.

---

అడ్వకేట్_రంగారెడ్డి

అయితే ఇంకా సమయం ఉంది. మెమో అందిన రోజు నుంచి 30 రోజుల్లో, అంటే జులై 12 లోపు, నోటీసు పోస్టులో పడాలి. ఈ 30 రోజులు దాటితే ఆ బౌన్స్ మీద 138 కేసు (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద చెక్కు బౌన్స్ కేసు) పోయినట్టే, ఆలస్యాన్ని మన్నించే వీలు చట్టంలో లేదు. చెక్కు తేదీ నుంచి లెక్కించే 3 నెలల గడువు ఇంకా ముగియకపోతేనే మళ్లీ బ్యాంకులో వేసి కొత్త మెమో తెచ్చుకోవచ్చు. నోటీసులో చెక్కు మొత్తం స్పష్టంగా అడగాలి. వడ్డీ, ఖర్చులు కలిపి ఒకే అంకె వేస్తే దాని మీద పేచీ పెడతారు, విడిగా రాయండి.

నోటీసు అతనికి జులై 15న అందిందనుకోండి. 15 రోజులు, అంటే జులై 30 దాకా, అతనికి చెల్లించే గడువు. ఆలోపే కేసు వేస్తే చెల్లదు. యోగేంద్ర ప్రతాప్ సింగ్ తీర్పు (2014) ఉంది. 31 నుంచి నెల లోపు ఫిర్యాదు పడాలి. ఆగస్టు చివరి వారానికి పెట్టుకోకుండా మొదటి పది రోజుల్లో వేసేయండి. ఇక్కడ ఆలస్యమైతే కారణం చూపి మన్నించమనొచ్చు, కానీ ఆ పిటిషన్ మీదే నెలలు గడిచిపోతాయి. కేసు వేయాల్సింది మీవాడి ఖాతా ఉన్న బ్యాంకు శాఖ పరిధిలోని కోర్టులో, చెక్కు ఇచ్చినవాడి ఊళ్లో కాదు.

నోటీసు సోమవారమే పంపించండి. స్పీడ్ పోస్టు రసీదు, ట్రాకింగ్ ప్రింటు రెండూ ఫైల్లో పెట్టండి.